ఊరి బడి పెట్టాలనుకునేవాళ్ళకి: ముందు ఊరికిచ్చే మాట రాసుకోండి, గోడలు తర్వాత

మాది జమ్మలమడుగు పక్కన పెన్న ఒడ్డు పల్లె. నాలుగేళ్ళ కింద ఏడుగురం కూర్చుని మొదలుపెట్టిన చిన్న బడి ఇప్పుడు నాలుగో తరగతి దాకా వచ్చింది. అప్పట్నుంచి ఫోన్లు వస్తానే ఉన్నాయి, అన్నా మేం కూడా మా ఊళ్ళో ఇట్లాంటిది పెట్టాలనుకుంటున్నాం, యాడ్నుంచి మొదలుపెట్టాల అని. కర్నూలు నుంచి చేశారు, హిందూపురం నుంచి చేశారు, ఒకాయన డల్లాస్ నుంచి కూడా చేశాడు. ప్రతిసారీ చెప్పిందే చెప్తున్నా కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నా, కొంచెం పొడుగ్గా ఉంటది, ఓపిగ్గా చదవండి.

డల్లాస్ ఆయన అడిగిందాంతోనే మొదలుపెడతా. వాళ్ళ పిల్లలు అక్కడ క్లాసికల్ చార్టర్ స్కూల్లో చదువుతున్నారంట, మన కడపలో కూడా అట్లాంటి చార్టర్ స్కూల్ పెడదాం అన్నా, డబ్బు సంగతి నేను చూస్తా అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ చార్టర్ అంటే ఏందో ముందు తెలుసుకోవాల. అమెరికాలో 1991లో మిన్నెసోటా రాష్ట్రం మొట్టమొదట ఆ చట్టం చేసింది, 1992లో సెయింట్ పాల్ ఊళ్ళో మొదటి బడి తెరిచారు. అది గవర్నమెంటు డబ్బుతో నడుస్తుంది, పిల్లల దగ్గర ఫీజు తీసుకోరు, కానీ నడిపేది మాత్రం ఆ బడికంటూ ఉండే సొంత బోర్డు. దానికి బదులుగా ఆ బోర్డు ఒక ఒప్పందం రాసిస్తుంది, ఇన్నేళ్ళలో పిల్లలకి ఇది నేర్పిస్తాం, లెక్కాపత్రం ఇట్లా చూపిస్తాం అని. మాట తప్పితే ఆ ఒప్పందాన్ని మళ్ళీ పొడిగించరు, బడి మూతపడుతుంది. ఆ ఒప్పందం పేరే చార్టర్. క్లాసికల్ అనేది లోపల చెప్పే చదువు సంగతి. యూరప్ వాళ్ళ పాత పద్ధతి అది, ముందు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆ తర్వాత నలుగురి ముందు మాట్లాడే విద్య, వీటి పైన అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళం.

మన రాష్ట్రంలో చార్టర్ చట్టం లేదు. దానికి కాస్త దగ్గరగా ఉండేది పాత ఎయిడెడ్ బడి, మేనేజ్‌మెంట్ ప్రైవేటుది, జీతాలు గవర్నమెంటువి. కొత్తగా ఎయిడ్ వస్తుందని నమ్ముకుని మాత్రం దిగొద్దు. కాబట్టి మనకుండేది సొసైటీ పేరు మీద నడిపే గుర్తింపు ఉన్న ప్రైవేటు బడి, లేదంటే మీ ఊళ్ళో ఉండే గవర్నమెంటు బడినే పట్టుకుని బాగుచేసుకోవడం. రెండోదాన్ని తక్కువ చెయ్యొద్దు. విద్యాహక్కు చట్టంలో 21వ సెక్షన్ కింద స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఉంటది, అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాల, మొత్తంలో సగం మంది ఆడవాళ్ళు ఉండాల. బడి అభివృద్ధి ప్లాన్ రాసే అధికారం ఆ కమిటీకి చట్టమే ఇచ్చింది. మీ ఊరి బడిలో మంచి అయివారు ఒక్కరున్నా సరే, కమిటీలో చేరి ఆ అయివారి వెనక నిలబడండి, కొత్త బడి పెట్టాల్సిన పనే పడకపోవచ్చు. మా ఊళ్ళో పిల్లలు తగ్గి తగ్గి బడిని పక్కూరి బడిలో కలిపేశారు, అందుకే మేం మొదటి దారి పట్టాల్సొచ్చింది.

ఏ దారైనా సరే, అమెరికా వాళ్ళ దగ్గర మనం అరువు తెచ్చుకోవాల్సింది ఒక్కటే, ఆ కాగితం. గవర్నమెంటుకి రాసిచ్చేది కాదు, ఊరికి రాసిచ్చేది. నేను చెప్పేదాంట్లో ఇంకేది మర్చిపోయినా పర్లేదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

మేం రాసుకున్న కాగితం ఒకటిన్నర పేజీ. మూడో తరగతి దాటే బిడ్డ ఏ తెలుగు పేపరైనా ఇచ్చినప్పుడు తడుముకోకుండా చదవాల, చదివింది సొంత మాటల్లో చెప్పాల. 20 ఎక్కాలు ముందుకీ వెనక్కీ రావాల. 30 పద్యాలు అర్థంతో సహా రావాల. చిన్న ఇంగ్లీషు కథ చదివి తెలుగులో చెప్పాల. నలుగురి ముందు నిలబడి రెండు నిమిషాలు తడబడకుండా మాట్లాడాల. ప్రతి ఏడూ ఉగాదికి ముందొచ్చే ఆదివారం రచ్చబండ కాడ ఇవన్నీ ఊరి ముందర చూపిస్తాం. వరసగా మూడేళ్ళు సగం మంది పిల్లలకి ఇవి రాకపోతే కమిటీ మొత్తం దిగిపోయి ఊరికి అప్పజెప్తాం. ఇంతే.

దీన్ని ఊళ్ళో చదివి వినిపించిన రోజు అందరూ బాగుంది బాగుంది అన్నారు. వెనక కూర్చున్న ఒక జేజి మాత్రం లేచి, "మూడేండ్లు చూసి మీరు దిగిపోతారు సరే నాయనా, ఆ మూడేండ్లు నా మనవరాలికి ఎవురు తిరిగిస్తారు?" అనింది. ఎవరికీ నోట మాట రాలేదు. నిజంగానే దానికి మా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి మళ్ళీ కూర్చుని ఇంకో మాట చేర్చాం: ప్రతి మూడు నెలలకొకసారి ఒక్కో బిడ్డ వాళ్ళమ్మ నాన్న ఎదురుగా కూర్చుని చదవాల, పుస్తకం అమ్మానాన్నే తెరవాల, ఏ పేజీ అనేది వాళ్ళిష్టం. అమ్మకి చదువు రాకపోయినా బిడ్డ తడబడేది తెలిసిపోతుంది. ఈ నాలుగేళ్ళలో మా బడిని సరిగ్గా ఉంచింది ఈ ఒక్క మాటే. మీరు కూడా కాగితం రాసినాక ఊళ్ళో పెద్దమనుషులకి మాత్రమే చూపించి ఊరుకోవద్దు, కూలికి పోయేవాళ్ళు ఇంటికొచ్చే టైముకి, రాత్రి ఎనిమిది తర్వాత మీటింగు పెట్టండి.

బిల్డింగు, గుర్తింపు, యూనిఫారం అన్నీ ఆ తర్వాత. ముందు ఒక ఏడాది ఉచితంగా సాయంత్రం బడి నడపండి. పిల్లలు పగలు వాళ్ళ బడికి వాళ్ళు పోతారు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా మీ దగ్గరికొస్తారు. మేం గ్రంథాలయం వరండాలో 14 మందితో మొదలుపెట్టాం. మూడు నెలలకి తొమ్మిది మంది మిగిలారు, ఏడాది తిరిగేసరికి 26 మంది అయ్యారు. ఈ ఏడాదిలో మీకు తెలిసేవి రెండు, ఎవరు నిజంగా పాఠం చెప్పగలరు, ఏ ఇంటివాళ్ళు వానొచ్చినా పిల్లోణ్ణి పంపిస్తారు. మాలో ఎంతో చదువుకున్నాయన పిల్లల ముందర పది నిమిషాలు నిలబడలేకపోయాడు, పదో తరగతి ఆపేసిన ఒక అక్క మాత్రం ఎక్కాలు పాటలాగా నేర్పించేసింది. ఈ సంగతి బిల్డింగుకి అడ్వాన్సు కట్టినాక తెలిస్తే చాలా కష్టం.

ఒక్కరే చెప్పేటప్పుడు వేరే వేరే వయసు పిల్లల్ని ఎట్లా చూసుకోవాల అని అడుగుతారు. దీనికి మన సీమ దగ్గరే పాత జవాబు ఉంది. మన్రో మద్రాసు గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీయించాడు. ఆయన అంతకుముందు 1800 నుంచి 1807 దాకా మన దత్తమండలాల కలెక్టరే. 1823లో బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ పంపిన రిపోర్టులో 533 బడులు, 6,641 మంది పిల్లలు అని ఉంది. అప్పటికి అనంతపురం జిల్లా విడిగా లేదు, అది బళ్ళారి నుంచి విడిపోయింది 1882లో, కాబట్టి అది మన లెక్కే. పిల్లలు ముందు ఇసకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్ళని, పెద్ద పిల్లలు చిన్నోళ్ళకి చెప్పేవాళ్ళని, అంత తక్కువ ఖర్చుతో చదువు నడుస్తుండడం మెచ్చుకోదగిందని కాంప్‌బెల్ రాశాడు. మేం అదే చేశాం. పెన్న ఇసక జల్లించి, కడిగి, ఎండబెట్టి చెక్క పళ్ళేల్లో పోసి ఇచ్చాం. పెన్సిలు పట్టడానికి భయపడే ఐదేళ్ళ బిడ్డ ఇసకలో మాత్రం అ ఆ లు సంతోషంగా దిద్దుతుంది, తప్పైతే అరచేత్తో తుడిచేసి మళ్ళీ రాస్తుంది. మూడో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ ఇద్దరు చిన్నోళ్ళ బాధ్యత చూస్తారు. చెప్పేవాడికే ఎక్కువ వస్తుంది, ఇది మీరే చూస్తారు.

ఇంక ఏం నేర్పాల అనేది. యూరప్ పద్ధతిని పేర్లతో సహా దించుకోవాల్సిన పని లేదు, అదే వరస మన దగ్గరా ఉంది. ఒక పాఠం ఎట్లా జరిగిందో చెప్తా, దాన్నుంచి మీకే అర్థమైతుంది.

మూడో తరగతికి వేమన పద్యం, అందరికీ వచ్చిందే, "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు". పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు. గురువుకి చప్పట, లఘువుకి చిటిక. ఉప్పు అంటే చప్పట చిటిక. కప్పు, రంబు, అవీ అంతే. తర్వాత నొక్కపో అంటే చప్పట చిటిక చప్పట. లికనుండు అంటే చిటిక చిటిక చప్పట చిటిక. గణం అంటే ఇట్లాంటి అక్షరాల గుంపు. మూడు చిన్న గణాలు, రెండు పెద్ద గణాలు, ఆటవెలది మొదటి పాదం వచ్చేసింది. సూర్యగణాలు, ఇంద్రగణాలు అనే పేర్లు వాళ్ళు పట్టుకున్నాక చెప్పాం. నాలుగో గణం మొదటి అక్షరానికీ పాదం మొదటి అక్షరానికీ స్నేహం ఉండాలని చెప్తే ఒక పిల్లోడు, "అయివోరా, ఉ కీ నొ కీ యాడ స్నేహం?" అన్నాడు. అప్పుడు పదం విడగొట్టాం, కప్పురంబున్ ఒక్క, అంటే లోపల దాక్కుని ఉన్నది ఒ. ఉ కీ ఒ కీ యతి చెల్లుతుంది. రెండో పాదంలో చూ కీ జా కీ అస్సలు కుదరలేదు. పిల్లోళ్ళు వేమన తప్పు రాశాడన్నారు. ఐదు నిమిషాలు వదిలేశాం. వెనక కూర్చున్న ఒక పాప మెల్లగా చూడ, జాడ, చూడ, జాడ అని రెండుమూడు సార్లు అనుకుని, రెండో అక్షరం కలిసింది అని అరిచింది. అదే ప్రాసయతి. ఆటవెలదిలో అది చెల్లుతుంది.

రెండు పాదాలకి నలభై నిమిషాలు పట్టింది. వ్యాకరణం వచ్చింది, తర్కం వచ్చింది, నలుగురిలో నోరు తెరిచి చెప్పడం వచ్చింది. మేం క్లాసికల్ అనేది దీన్నే. బట్టీ పట్టించడం ఒక్కటే కాదు, అట్లని బట్టీ వద్దని కూడా నేనను, ఎనిమిదేళ్ళ లోపల పిల్లలకి బట్టీ అంటే ఆటే. ఆ వయసులో నోటికొచ్చిన పద్యం పదేళ్ళ తర్వాత అర్థమైనా నష్టం లేదు. కానీ నోటికొచ్చినాక అక్కడే ఆపేస్తే మాత్రం దండగ.

తర్కానికి మేం పెట్టుకున్న నియమం ఒక్కటే, పూర్వపక్షం. అవతలోడి మాటని ముందు నువ్వు చెప్పు, అవతలోడు అవును నా మాట ఇదే అని ఒప్పుకోవాల, అప్పుడు గానీ నీ వాదన మొదలుపెట్టొద్దు. నల్లరేగడిలో ఈ ఏడు శనగ వెయ్యాలా పత్తి వెయ్యాలా అని నాలుగో తరగతి పిల్లలు వాదించుకుంటుంటే వాళ్ళ నాయనలు కిటికీ దగ్గర నిలబడి విన్నారు. మాట్లాడే విద్యకి మన ప్రొద్దుటూరు ప్రాంతం అవధానాలకి పేరుపడిన చోటు, దాన్నే పిల్లల సైజుకి తగ్గించండి. మధ్యలో ఒక పిల్లోడు కూర్చుంటాడు, చుట్టూ నలుగురు. ఒకరు ఎక్కం మధ్యలో నుంచి అడుగుతారు, ఒకరు పద్యం ఒక పాదం ఇచ్చి తర్వాతి పాదం అడుగుతారు, ఒకరు అప్పుడప్పుడు గంట కొడతారు, చివర్లో ఎన్నిసార్లు కొట్టారో చెప్పాల, నాలుగో వాడు సంబంధం లేని ప్రశ్నలేసి మనసు చెదరగొడతాడు. పావుగంట చాలు. శుక్రవారం మధ్యాహ్నం ఇది పెడితే ఆ రోజు ఎవరూ బడి ఎగ్గొట్టరు.

లెక్కల్లో ఎక్కాల తర్వాత భిన్నాలు. పావు, అర, ముప్పావు ఇంట్లో వినేవే. పావులో పావు వీసం, అంటే పదహారో వంతు, కాగితం నాలుగు మడతలు మడిచి చూపిస్తే సరిపోతుంది. ఖగోళానికి పంచాంగం, కార్తెలు. మన సేద్యగాళ్ళు విత్తనం వేసేది కార్తె చూసే కదా, ఏడాదికి 27 కార్తెలు. గోడ మీద కార్తెల పట్టిక గీసి ఏ కార్తెలో ఎంత వాన పడిందో పిల్లలే కొలిచి రాస్తారు. సంగీతానికి అన్నమయ్య పుట్టిన తాళ్ళపాక మన పాత కడప జిల్లాదే, ఇంక వేరే ఊరు వెతుక్కోవాల్సిన పని లేదు. అట్లని అన్నమయ్యతోనే ఆపొద్దు, చెక్కభజన గురువు మీ పక్కూళ్ళోనే ఉంటాడు, నెలకి రెండుసార్లు పిలవండి.

చరిత్రకి పుస్తకం కంటే ముందు బండెక్కించండి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ ఉంది, తెలుగులో దొరికిన పాత శాసనాల్లో మొదటిదిగా చెప్పేది అక్కడిదే, సుమారు 575 నాటి రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి ఉంది, అశోకుడి శాసనాలు బండల మీద ఉన్నాయి. అక్కడి చిన్న శాసనంలో కొన్ని చోట్ల ఒక వరస ఎడమ నుంచి కుడికి పోతే తర్వాతి వరస కుడి నుంచి ఎడమకి వస్తుంది. అయివారు ఎంత చెప్పినా అర్థం కాలేదు, ఒక పిల్లోడు "మడక తోలినట్టు రాసినాడు, కొనకి పోయి ఎద్దులు తిప్పుకున్నట్టు" అన్నాడు, అందరికీ అర్థమైపోయింది. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి తప్పకుండా తీసుకుపోండి, తాటాకు పుస్తకం ఎట్లుంటదో పిల్లలు కళ్ళారా చూడాల. వాళ్ళు అచ్చేసిన మెకంజీ కైఫీయతుల్లో, అంటే మెకంజీ దొర ఊరూరా సేకరించిన ఊరి చరిత్రల్లో, మీ ఊరి పేరుందేమో వెతకండి. ఉంటే ఏడాదికి సరిపడా చరిత్ర పాఠం దొరికినట్టే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాల. పాత చదువు అనంగానే చాలామంది ఇళ్ళల్లో భయం, ఆ చదువు ఒకప్పుడు ఎవర్ని గడప దాటి రానిచ్చిందో ఎవర్ని రానియ్యలేదో అందరికీ గుర్తుంది. ఆ భయం న్యాయమైందే. మీ బడిలో ఎస్సీ కాలనీ పిల్లలు, దూదేకుల పిల్లలు, ఆడపిల్లలు మొదటి వరసలో లేకపోతే అది ఊరి బడి కాదు. మన సీమ పాత సాహిత్యమే దీనికి సాక్ష్యం, రామాయణం రాసిన మొల్లది బద్వేలు దగ్గర గోపవరం అంటారు, కుమ్మరి ఇంటి ఆడబిడ్డ. బ్రహ్మంగారి ముఖ్య శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటివాడు. మా కాగితంలో కమిటీ ఏడుగురిలో ఇద్దరు కాలనీ వాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు ఉండాలని రాసుకున్నాం. ఉర్దూ మాట్లాడే ఇళ్ళ నుంచి పిల్లలొస్తే వారానికి ఒక రోజు వాళ్ళ తాతలెవరైనా వచ్చి ఉర్దూ కవిత చెప్తారు, మా పిల్లలకి ఇప్పుడు నాలుగైదు షేర్లు, అంటే రెండేసి పాదాల ఉర్దూ కవితలు, నోటికొచ్చు.

ఇంగ్లీషు సంగతి ఎటూ అడుగుతారు. "తెలుగు పద్యాలు చెప్తే ఉద్యోగాలొస్తాయా సార్?" అని మొహం మీదే అడుగుతారు, అడగనీయండి. వాదన పెట్టుకోవద్దు. రోజుకొక గంట ఇంగ్లీషు, అది కూడా మంచిగా చెప్పండి. రాష్ట్రం ఇచ్చే పుస్తకాలు ఎటూ ఒక పేజీ తెలుగు ఒక పేజీ ఇంగ్లీషు ఉంటాయి, అవి బాగా పనికొస్తాయి. తెలుగు వాక్యం విడగొట్టడం వచ్చిన బిడ్డకి ఇంగ్లీషు వాక్యం త్వరగా లొంగుతుంది, మా మూడో తరగతిలో నేను చూసింది ఇదే, అమ్మానాన్నలు కూడా మూడు నెలల కూర్చోబెట్టుడులో చూశారు, ఆ తర్వాత ఆ ప్రశ్న తగ్గిపోయింది.

ఇప్పుడు కాగితాల పని. సొసైటీ పెట్టడానికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు కావాల, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర. ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళు, ఒకే పార్టీవాళ్ళు కాకుండా చూసుకోండి, ఎలక్షన్ల టైములో దీని విలువ తెలుస్తుంది. బైలా, అంటే సొసైటీ నియమాలు, మాత్రం నెట్‌లో దొరికేది దించుకోకుండా కూర్చుని రాసుకోండి, మీ ఊరి కాగితాన్ని అందులో కలపండి. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకం తప్పనిసరి.

పొద్దుటి పూట బడిగా మార్చాలంటే గుర్తింపు లేకుండా ఒక్క రోజు కూడా నడపొద్దు. విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, అయినా ఆపకపోతే రోజుకి పదివేల దాకా. మన రాష్ట్రంలో ప్రైవేటు బళ్ళ అనుమతి నియమాలు 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 తో వచ్చాయి, తర్వాత మార్పులు చేస్తూ వచ్చారు, కాబట్టి అప్లికేషన్ పెట్టే ముందు డీఈవో ఆఫీసులో ఈ ఏటి లిస్టు తీసుకోండి. చట్టం షెడ్యూల్లో ఉన్నవి మాత్రం గట్టివి: 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు, 90 దాకా ముగ్గురు, టీచరుకొక గది, మగపిల్లలకీ ఆడపిల్లలకీ వేరే వేరే బాత్రూములు, మంచినీళ్ళు, ఆటస్థలం, ప్రహరీ, గ్రంథాలయం, ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. అడ్మిషన్‌కి పిల్లలకి పరీక్ష పెట్టకూడదు, డొనేషన్ తీసుకోకూడదు, కొట్టకూడదు. ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాల, నిజానికి మనలాంటి బడికి అది బరువే కాదు.

మా అప్లికేషన్ ఒకసారి తిరిగొచ్చింది. మేం రాయించుకున్నది పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు, వాళ్ళు అడిగింది రిజిస్టర్ చేయించిన ఎక్కువ ఏళ్ళ లీజు. ఒక ఏడాది పోయింది. ఇంటాయన లీజుకి ఒప్పుకుంటాడా లేదా అనేది మొదటి రోజే అడగండి.

బిల్డింగు దగ్గర ఇంకో తప్పు కూడా చేశాం. సాయంత్రం బడికి వరండా చాలక రేకుల షెడ్డు తీసుకున్నాం. సాయంత్రాలు కదా ఫర్లేదు అనుకున్నాం, ఏప్రిల్లో ఆరు గంటలకి కూడా ఆ రేకులు సెగ కక్కుతుండేవి, ఒక పిల్లోడికి ముక్కు నుంచి రక్తం కారింది, మర్నాడే ఖాళీ చేశాం. రేకులు వద్దు, కొట్టం అసలే వద్దు. 2004 జులైలో కుంభకోణంలో బడి కొట్టానికి నిప్పంటుకుని 94 మంది పిల్లలు పోయారు, అది గుర్తుంచుకోండి. మిద్దె ఇల్లు చిన్నదైనా సరే, రెండు దారులుండాల, కిటికీలుండాల. బల్లల మీద ఖర్చు పెట్టొద్దు. పాలిష్ పెట్టని నల్ల కడప బండలు గోడకి పిల్లల నడుం ఎత్తులో వరసగా అతికించండి, గది చుట్టూ నల్లబల్లే అయిపోతుంది, ప్రతి బిడ్డకీ రాసుకోను సొంత చోటు ఉంటది. మా బడి చూడ్డానికొచ్చినోళ్ళు ఫోటో తీసుకునేది దాన్నే.

అయివార్ల సంగతి. ఒకటి నుంచి ఐదు దాకా డీఎడ్, టెట్ ఉన్నవాళ్ళని చూడండి. బీఎడ్ ఉందని ప్రైమరీకి పెట్టుకోవద్దు, 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు ప్రైమరీకి బీఎడ్ అర్హత కాదని తేల్చింది. పద్యం చెప్పేదానికి రిటైరైన తెలుగు పండితుడు ఒకరు వారానికి మూడు రోజులొచ్చినా చాలు, ఆయన దగ్గర మీ టీచర్లు కూడా కూర్చుని నేర్చుకోవాల. జీతం దగ్గర మాత్రం పొదుపు చెయ్యొద్దు. సేవాభావంతో వస్తారులే అనుకుని తక్కువిచ్చాం, రెండో ఏడు దసరా సెలవులయ్యేసరికి ఒకామె ఎక్కువ జీతానికి టౌనుకి పోయింది, ఆమె తప్పేం లేదు, ఆమెకీ ఇల్లు గడవాల కదా. పోయిందానికంటే పిల్లలు నెలరోజులు ఆమె కోసం అడగడమే కష్టమైంది. ఇప్పుడు వచ్చే ప్రతి రూపాయిలో ముందు జీతాలు తీసి పక్కన పెట్టి, మిగిలిందాంతోనే మిగతావి.

డల్లాస్ ఆయన డబ్బు సంగతి చెప్పి ముగిస్తా, చాలామందికి పనికొస్తుంది. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా సిటిజన్ అయిపోయినోళ్ళు, ఓసీఐ కార్డున్నా సరే, పంపిస్తే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా పైసా తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే సొసైటీకి మూడేళ్ళు నిండాల, ఆ మూడేళ్ళలో 15 లక్షలు పనికి ఖర్చుపెట్టి ఉండాల, డబ్బు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతాకే రావాల. డల్లాస్ ఆయనది అమెరికా పాస్‌పోర్టు. అందుకే ఆయన డబ్బు వద్దన్నాం, దానికి బదులు ప్రతి శనివారం రాత్రి ఇక్కడి పిల్లలకి వీడియోలో ఇంగ్లీషు కథ చదివిస్తున్నాడు. ఊళ్ళో మాత్రం డబ్బుగానే అడక్కండి, శనగలైనాక ఇంటికొక పడి గింజలు అడగండి, అమ్మితే మాకు రెండు నెలల కరెంటు బిల్లు, పుస్తకాల ఖర్చు వచ్చింది. ఇచ్చిన ప్రతి ఇంటి పేరు ఉగాది రోజు లెక్కతో సహా చదివి వినిపించండి.

బళ్ళు జూన్ 12కి తెరుస్తారు. వచ్చే జూన్‌కి సాయంత్రం బడి మొదలుపెట్టాలంటే సంక్రాంతికి పిల్లలు పెద్దోళ్ళు అందరూ ఊళ్ళో ఉన్నప్పుడే మొదటి మీటింగు పెట్టండి, శివరాత్రి లోపల కాగితం రాసుకోండి, ఉగాదికి చదివి వినిపించండి, ఒంటిపూట బడులప్పుడు మధ్యాహ్నాలు టీచర్లకి రిహార్సల్ పెట్టండి. ఇసక మాత్రం పెన్నలో నీళ్ళు రాకముందే తెచ్చి ఎండబెట్టుకోండి.